యంత్రం నేర్చుకున్న పురిటి డబ్బా

ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన పని చూడ్డం. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో రేకు బల్ల ముందు కూర్చుని జీడిపప్పును చూసేదాన్ని. చూసినందుకు జీతం ఇచ్చారు. ఈ మాట చెబితే మా మనవరాళ్ళు నవ్వుతారు. వాళ్ళు రోజంతా ఫోను చూస్తారు, ఒక్కడూ జీతం ఇవ్వడు.

ఆ పనిని గ్రేడింగు అంటారు. పొట్టు తీసిన పప్పు కుప్పగా మా ముందుకొస్తుంది. విరగని గుండు వేరు, రెండుగా చీలిన బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్ళీ పెద్దది, నడిమిది, చిన్నది, తెల్లనిది, కాస్త మాడినది. పప్పు బల్ల మీద పడుతుంది, వేలు తోస్తుంది, డబ్బాలో పడుతుంది. రెప్పపాటు పని. ఆలోచించే మనిషికి ఆ పని రాదు. మా వైపు అక్కని అప్ప అంటారు. కొత్తగా చేరిన ఆడపిల్లలు ఎలగప్పా అని అడిగితే, సూడు అనేదాన్ని. అంతకు మించి నా దగ్గర పాఠం లేదు. ఆ ఒక్క పాఠంతో నేను తయారుచేసినవాళ్ళు పలాస, కాశీబుగ్గల్లో చాలా బల్లల ముందు కూర్చున్నారు.

అక్షరాలు మాత్రం నాకు నలభై దాటాక వచ్చాయి. మా వీధిలో సాయంత్రం బడి పెట్టారు. నాకు చదువు చెప్పిన పంతులమ్మ నా కూతురికంటే చిన్నది. గ్రేడింగు బల్ల మీద పప్పు పొడి పేరుకుంటుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ పొడిలో వేలితో నా పేరు రాసి, ఎవరూ చూడకముందే చెరిపేసేదాన్ని. ఇంటిపేరుతో సహా రాయడం వచ్చిన రోజు నుంచి, ఎవరైనా వేలిముద్ర కోసం సిరాపెట్టె నా ముందుకు తోస్తే ఒళ్ళు మండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నా తప్పు ఇక్కడి నుంచే పుట్టింది.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మా ఫ్యాక్టరీలో శనివారం సాయంత్రానికి మిగిలిన ఆఖరి ముక్కల డబ్బాను షావుకారు పనివాళ్ళకి వదిలేసేవాడు. ఇప్పటి షావుకారి తండ్రి పెట్టిన అలవాటది. ఆ డబ్బా మేం పంచుకునేవాళ్ళం కాదు. షెడ్డులో ఎవరు పురుడు పోసుకుంటే వాళ్ళింటికి వెళ్ళేది. బాలింత లేకపోతే కడుపుతో ఉన్నదానికి, ఆమే లేకపోతే జ్వరపడి లేచినదానికి. ఎవరికి వెళ్ళినా పేరు మాత్రం పురిటి డబ్బానే.

బాలింతకు విరిగిన ముక్కలు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి. అందుకని శనివారం మధ్యాహ్నం నుంచి మా వేళ్ళు కాస్త కఠినమైపోయేవి. మంచి గుండు పప్పే, తోక దగ్గర సూదిమొనంత పొట్టు చుక్క ఉంది, ముక్కల్లోకి పో. అంచు కాస్త అరిగింది, నువ్వూ పో. సాయంత్రానికి ముక్కల డబ్బా పైన ముక్కలు, కింద మహారాణులు. దీన్ని దొంగతనం అనుకోలేదు మేం. అసలు ఏమీ అనుకోలేదు. ముప్పై ఏళ్ళు చేసిన పనిని ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక కథలోకి వస్తాను. నేను మానేయడానికి రెండేళ్ళ ముందు, కెమెరా యంత్రాలు చేసే ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. మేనేజరు ఒకాయన, ఆయనతో ఇంజనీరు పిల్ల. విశాఖ పిల్ల, పాతికేళ్ళు ఉంటాయేమో. వాళ్ళ పద్ధతి ఇది. నల్ల బెల్టు మీద పప్పు ఒక్కొక్కటీ వస్తుంది. పైన కెమెరా దాని ఫోటో తీస్తుంది. మేం మామూలుగా మా డబ్బాల్లో వేస్తాం. ఏ పప్పు ఏ డబ్బాలో పడిందో ఆ ఫోటోకి రాసి ఉంచుతారు. అలా మూడు నెలలు చేస్తే యంత్రం మమ్మల్ని చూసి నేర్చుకుని, తర్వాత అదే గ్రేడింగు చేస్తుంది. కృత్రిమ మేధ అన్నాడు మేనేజరు. నా పక్కనున్నామె, మేధ ఎవరిదీ అనడిగింది. మీదే అన్నాడాయన. మరి కృత్రిమం ఏదీ అంది. ఆయన ఫోను మోగినట్టు నటించి బయటికి వెళ్ళిపోయాడు.

మొదలుపెట్టే రోజు మా పన్నెండు మందికీ తలో కాగితం ఇచ్చారు. నాలుగు పుటలు, చక్కగా తెలుగులోనే అచ్చువేశారు. మేనేజరు సిరాపెట్టె తీసి నా వైపు జరిపాడు. నేను దాన్ని మోచేత్తో పక్కకి నెట్టి, పెన్ను ఇవ్వండి అన్నాను. షెడ్డంతా చూస్తోంది. షావుకారు కూడా చూస్తున్నాడు. నేను తిన్నగా ఆఖరి పుట తీసి, చుక్కల గీత మీద ఇంటిపేరుతో సహా, ఒత్తులూ దీర్ఘాలూ ఒక్కటి జారకుండా సంతకం పెట్టాను. అంత అందంగా ఎప్పుడూ రాలేదు. నేను పెట్టానని మిగతా పదకొండు మందీ పెట్టేశారు. పైన మూడున్నర పుటల్లో ఏం రాసుందో నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్ళు చూడ్డమే పనిగా బతికినదాన్ని.

ఆ మూడు నెలలూ సరదాగా గడిచాయి. ఇంజనీరు పిల్ల నన్ను పెద్దమ్మా అనేది. ప్రతి పప్పుకీ ఎందుకు అనడిగేది. ఇది నడిమి గుండులో ఎందుకేశారు, ఇది మాడు ఎందుకైంది. సూత్తే తెలీటం నేదేటి అన్నాను ఒకరోజు విసుగొచ్చి. చూస్తే తెలిసేదైతే నేను ఉద్యోగం మానేసి మీ పక్కన కూర్చునేదాన్ని పెద్దమ్మా అంది. మాటకి మాట వచ్చే పిల్లలంటే నాకిష్టం. మా చద్దన్నంలో వాటా పెట్టడం మొదలుపెట్టాం. ఎండుచేప వాసనకి మొదట ముక్కు మూసుకుంది. నెల తిరిగేసరికి తోక కోసం మాతో తగువాడింది.

అప్పుడే జలంత్రకోట నుంచి నా పాత స్నేహితురాలు వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నా కుడిపక్క కూర్చుని గ్రేడింగు చేసిన మనిషి. నడుం నొప్పితో మానేసి, సొంత ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళను కూడగట్టుకుని చిన్న యూనిట్టు పెట్టుకుంది. జీడిపిక్క కొట్టి పప్పు తీయడం, పొట్టు తీయడం బాగానే జరుగుతున్నాయి. గ్రేడింగు దగ్గరే చిక్కు. పెద్ద ఫ్యాక్టరీలు యంత్రాలతో పూటలో తేల్చేస్తుంటే, వీళ్ళు నాలుగు రోజులు కూర్చుంటున్నారు. కొనేవాళ్ళు అంతవరకు ఆగడం లేదు. ఇంకో సీజను ఇలాగే గడిస్తే యూనిట్టు మూసేయడమే. టెక్కలి కాలేజీలో చదువు చెప్పే మేష్టారొకాయన చిన్న యంత్రం చేసిపెడతానన్నాడట. మామూలు ఫోను కెమెరా, చిన్న బెల్టు, అంతే. కానీ దానికి నేర్పడానికి ఫోటోలు కావాలి. ఊరికే ఫోటోలు కాదు, ఏది ఏ డబ్బాదో తెలిసిన చెయ్యి చెప్పిన ఫోటోలు.

“యంత్రం ఖరీదు కాదంటప్పా,” అంది. “నువ్వు ఖరీదంట. నీ సూపు మాకు దొరకదంట.”

ఇంతేనా అన్నాను. మూడు నెలలుగా అదేగా చేస్తున్నాం, ఆ ఫోటోలు ఒక ప్రతి అడిగి ఇస్తాను, కాదంటే నేనే వచ్చి మీ బెల్టు ముందు కూర్చుంటాను అన్నాను. మాటిచ్చి, టీ తాగించి, బస్సెక్కించాను.

మర్నాడు ఇంజనీరు పిల్లను అడిగాను. దాని మొహం వాడిపోయింది. బీరువాలోంచి నా కాగితం తెచ్చి రెండో పుట తీసి నా ముందు పెట్టింది. నేను వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. ఈ ఫోటోలు, వాటిమీద పనివారు తీసుకున్న నిర్ణయాలు పూర్తిగా కంపెనీ సొత్తు. వీటిని బయటివారికి చూపరాదు. సంతకం చేసినవారు ఇటువంటి మరొక యంత్రానికి నేర్పడంలో సాయం చేయరాదు.

రెండుసార్లు చదివాను. తప్పు చదివానేమోనని. నా కన్ను, నా చెయ్యి, నా సంతకం, మూడూ నావే. సొత్తు మాత్రం వాళ్ళది. ఇక జలంత్రకోట వెళ్ళి ఆ పిల్లలకి సూడు అని చెప్పడానికి కూడా నాకు హక్కు లేదు. కిందనున్న నా అందమైన సంతకం చూస్తే దాన్ని నాలుకతో చెరిపేయాలనిపించింది.

ఆ పిల్ల మంచిది. దాచకుండా చెప్పింది. ఫోటోకి హక్కు ఎవరిది, యంత్రం నేర్చుకున్నదానికి హక్కు ఎవరిది అన్నది కోర్టులే ఇంకా తేల్చుకుంటున్నాయట, దేశానికో మాట ఉందట. చట్టం తేలలేదు గనకే కంపెనీలు ఇలా కాగితాలు రాయించుకుంటాయట. బెల్టు ఎవడైనా చేస్తాడు, కెమెరా బజార్లో దొరుకుతుంది, పోటీ కంపెనీకి దొరకనిది మా ఫోటోలే. వాటికి తాళం వేస్తేనే యంత్రానికి ధర. మరి ఆ యంత్రం బుర్ర మీరే చేశారా అని అడిగాను. లేదంది. దాని మొదటి బుర్రను ఎక్కడో ఎవరో తయారుచేసి, ఎవరైనా తీసుకోండని లోకానికి వదిలేశారట. వీళ్ళు ఉచితంగా దించుకుని, దానికి జీడిపప్పు నేర్పుకున్నారు.

ఊరందరి బావిలో నీళ్ళు తోడుకుని, చేదకి తాళం వేసినట్టుంది అన్నాను.

స్నేహితురాలికి ఫోను చేసి మాట తప్పానని చెప్పాను. తిట్టలేదు. ఎలగ సంతకం పెట్టినావప్పా అని కూడా అడగలేదు. సరేలే, ఈ సీజనుకి సూత్తాం అంది. తిట్టుంటే బాగుండేది.

యంత్రం పని మొదలుపెట్టింది. మొదటి వారం పండగే. బెల్టు మీద పప్పు పరుగెత్తడం, గాలి ఊదడం, ఒక్కో పప్పు ఎగిరి దాని డబ్బాలో పడ్డం, సర్కస్సు చూసినట్టు చూశాం. రెండో వారం నుంచి షావుకారు చిరాకు మొదలైంది. ముక్కల డబ్బాలు త్వరత్వరగా నిండిపోతున్నాయి. తిరగేసి చూస్తే కింద మంచి గుండు పప్పు. లైటు మార్చారు. అద్దం తుడిచారు. బెల్టు మార్చారు. అప్పటికే ఇదే నేర్పుతో మరో రెండు ఫ్యాక్టరీలకి యంత్రాలు పెట్టారట, అక్కడా ఇదే గోల. మేనేజరు రోజూ ఫోన్లో తిట్లు తిని, వచ్చి ఆ పిల్లను తిట్టేవాడు. ఫోటోలు గ్రేడింగు వాళ్ళకి చూపించి అడుగుదామని అది బతిమాలింది. కుదరదు, అవి రహస్యం, కాగితంలో ఉంది అన్నాడు. ఫోటోల్లో ఉన్నది మా చేతిపనే. మాకే రహస్యం.

ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని యంత్రం పక్కన కూర్చున్నాను. ఊరికే చూస్తున్నాను. పెద్ద గుండు పప్పొకటి వచ్చింది. తెల్లగా, నిండుగా ఉంది. తోక దగ్గర సూదిమొనంత చుక్క. యంత్రం ఉఫ్‌మని ఊది దాన్ని ముక్కల్లోకి పంపింది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇంకోటి వచ్చింది, అంచు కాస్త అరిగినది. దాన్నీ ఊదింది. నాకు యంత్రం కనబడలేదు, నా చూపుడు వేలు కనబడింది.

అది తప్పు చేయడం లేదు. మేం నేర్పినదే చేస్తోంది. పురిటి డబ్బా నింపుతోంది. కాకపోతే దానికి శనివారం అంటే తెలియదు, బాలింత అంటే తెలియదు, పొద్దస్తమానం నింపుతోంది.

మూడు రోజులు నోరు మూసుకున్నాను. చెబితే ముప్పై ఏళ్ళ అలవాటు దొంగతనమని పేరు పడుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. నాలుగో రోజు మావాళ్ళకి చెప్పాను. చెప్పొద్దని కొందరు, చెప్పాలని కొందరు. షావుకారు పురిటి డబ్బా ఎత్తేస్తాడని ఒకామె ఏడ్చింది. అప్పుడు డబ్బా వంతు ఎవరిదంటే పొట్టు తీసే పీలింగులో పనిచేసే ఒక పిల్లది, తొమ్మిదో నెల. బల్లకి ఆనుకుని అంతా విని, పొట్ట మీద చెయ్యి వేసుకుని అంది.

“సెప్పీ అప్పా. నానైతే ఒక్కసారి కంతాను. ఆ యంత్రం రోజూ కంతంది. దానికి పురుడు ఎవలు పోత్తారు?”

షెడ్డంతా నవ్వింది, ఏడ్చినామెతో సహా. నవ్వులో నాకొక ఆలోచన తట్టింది. తప్పు ఎక్కడుందో తెలిసినది లోకంలో మా షెడ్డు వాళ్ళకే. కంపెనీ దగ్గర కాగితం ఉంది, మా దగ్గర ఇది ఉంది. జలంత్రకోటకి నేనిచ్చిన మాట ఇంకా తీరలేదు.

సోమవారం మేనేజరు, షావుకారు, ఇంజనీరు పిల్ల గ్రేడింగు హాల్లో ఉండగా వెళ్ళి చెప్పాను. యంత్రంలో తప్పెక్కడుందో నాకు తెలుసు, చెబుతాను, ముందు కాగితం మార్చండి అన్నాను. మేనేజరు ఇది బెదిరింపు అన్నాడు. అవునన్నాను. నాకు మెత్తగా మాట్లాడ్డం రాదు, ఆలస్యంగా చదువుకున్నాను, అంతవరకు రాలేదు.

ఫోటోలు జలంత్రకోట వాళ్ళకి, టెక్కలి మేష్టారికి, అడిగిన ప్రతివాళ్ళకీ ఇవ్వాలి, మా పన్నెండు మందిలో ఎవరైనా ఎక్కడైనా నేర్పుకోవచ్చు, ఇదీ నేనడిగింది. ఆయన నవ్వాడు. ఖర్చు మేం పెట్టాం, కెమెరాలు మావి, జీతాలు మావి, ఫోటోలు ఊరికే పంచేస్తే రేపు మా యంత్రం ఎవరు కొంటారమ్మా అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. విత్తిన చేతికి పంట దక్కకపోతే ఎవరూ విత్తరు. అందుకే నేను షావుకారి వైపు తిరిగాను. ఆయన ఏటా ఉద్దానంలో జీడితోటలు గుత్తకి తీసుకుంటాడు.

“బాబూ, మీరు గుత్తకి తీసుకున్న తోటలో సీజన్లో ఎవలైనా పిక్క ఏరితే ఊరుకుంతారా?”

ఎలా ఊరుకుంటాను అన్నాడు.

“మరి వానలు పడ్డాక?”

మా వైపు పద్ధతి అందరికీ తెలుసు. సీజనంతా తోట గుత్తదారుదే, ఒక్క పిక్క ముట్టుకోకూడదు. తొలకరి పడి గుత్త దాటిందా, చెట్ల కింద మిగిలిన పిక్కలు ఎవరు ఏరుకుంటే వాళ్ళవి. దాన్ని పరిగె అంటాం. పరిగె ఏరేవాళ్ళని తరిమిన గుత్తదారుకి మరుసటేడు తోట ఇచ్చే రైతు ఉండడు. అయినా ఏ గుత్తదారూ పరిగె వల్ల దివాలా తీయలేదు.

మేనేజరుకి అదే చెప్పాను. “మీరు గుత్తదారులు బాబూ, తోట మీది కాదు. ఈ సీజను మీదే, బాగా అమ్ముకోండి. వానలు పడ్డాక ఫోటోలు పరిగెకి ఒగ్గీండి.” ఇంకో మాట కూడా అన్నాను. నేను నేర్పిన ఆడవాళ్ళు వేరే ఫ్యాక్టరీలకి వెళ్ళిపోతే మా పాత షావుకారు ఏనాడూ కేసు పెట్టలేదు. అన్నిచోట్లా ఒకే తీరు గ్రేడింగు ఉండబట్టే కదా, డబ్బా తెరిచి చూడకుండా పలాస పప్పు అని దూరదేశాల వాళ్ళు కొంటున్నది. నా చూపుకి అప్పుడే తాళం వేసుంటే ఈ బజారే ఉండేది కాదు.

అప్పుడు ఆ పిల్ల నోరు విప్పింది. ఉద్యోగం ఊడే మాటే. సార్, తప్పున్న ఫోటోలకి ఎంత తాళం వేసినా విలువ లేదు, మనల్ని కొనేది బెల్టు కోసం, చెడిపోతే వచ్చి బాగుచేస్తామని, ఫోటోలు బయట ఉంటే ఇలాంటి తప్పు ఇంకెవరైనా ముందే పట్టేవాళ్ళు అంది. మేనేజరు దాన్ని ఒక చూపు చూసి, ఫోను పట్టుకుని పిక్కలు ఆరబోసిన కళ్ళంలోకి వెళ్ళాడు. ఆ ఎండలో ఇటూ అటూ ఎంతసేపు తిరిగాడో. పిక్కల మీద ఆయన నడిచిన దారి కాలువలా పడింది. తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. సరే, ఒక్క సీజను అన్నాడు.

కొత్త కాగితం సాయంత్రానికి వచ్చింది. రెండు పుటలే. నేను బల్ల ముందు కూర్చుని మొదటి అక్షరం నుంచి పైకి చదివాను, పదకొండు మందికీ వినబడేలా. నాకు చదవడం నిదానం. మేనేజరు టీ చల్లారింది, రెండో టీ తెప్పించారు, అదీ చల్లారింది. ఒకచోట “తగు సమయంలో” అని ఉంటే ఆపి, తగు సమయం అంటే ఎప్పుడో నెల పేరు రాయమన్నాను. రాశారు. అప్పుడు సంతకం పెట్టాను. ఈసారి వంకరగా వచ్చింది. పర్వాలేదు.

ఆ తర్వాత పురిటి డబ్బా సంగతి చెప్పాను. చుక్క సంగతి, అంచు సంగతి, శనివారం సంగతి, అన్నీ. ఇంజనీరు పిల్ల నోరు తెరిచింది, మూయడం మర్చిపోయింది. షావుకారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. మన పెద్ద గుండులో ఒక్క చుక్క కూడా కనబడదని కొనేవాళ్ళు మెచ్చుకుంటే, అది మా నాన్న పెట్టిన క్రమశిక్షణ అని నేను పదిమందికి చెప్పుకున్నాను అన్నాడు. అదీ నిజమే బాబూ, డబ్బా పెట్టింది మీ నాన్నగారే అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

“శనివారం ఒక్కరోజేనా?”

“మొదట్లో శనివారమే బాబూ. తర్వాత సేతికి వారం తెలీనేదు.”

రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఈలోగా ఆ పిల్ల మా పక్కన కూర్చుని ఫోటోలన్నీ తిరగేసింది. ఇది చుక్క వల్ల, ఇది అంచు వల్ల అని మేం చెబుతుంటే ఒక్కోదానికీ గుర్తు పెట్టింది. యంత్రం దారికొచ్చింది. మూడో సోమవారం షావుకారు వచ్చి, నన్ను చూడకుండా ఆ పిల్లతో అన్నాడు.

“అమ్మా, ఆ యంత్రానికి శనివారం అంటే ఏటో నేర్పగలవా?”

ఇప్పుడు ఆ యంత్రానికి పక్కన పచ్చ మీట ఉంది. శనివారం మధ్యాహ్నం దాన్ని నొక్కుతారు. పీలింగు పిల్లకి ఆడపిల్ల పుట్టింది. మొదటి యంత్రపు పురిటి డబ్బా దానింటికే వెళ్ళింది. మా చేతి డబ్బా అంత బాగాలేదంది. మొహమాటానికి అలా అందేమో, నేను సంతోషించాను.

అంతా బాగుపడిందని చెప్పను. పన్నెండు మంది గ్రేడింగు వాళ్ళలో ఐదుగురు మిగిలారు. ఇద్దరు పీలింగుకి వెళ్ళారు, ముగ్గురు జలంత్రకోట యూనిట్టులో చేరారు, ఒకామె ఇంట్లో కూర్చుంది, ఆఖరిదాన్ని నేను, కిందటేడు మానేశాను. కంపెనీ మూతపడలేదు. హరిశ్చంద్రపురం దాకా యంత్రాలు పెడుతోందని విన్నాను. తొలకరి పడిన నెలలో, కాగితంలో రాసిన నెలలోనే, ఫోటోలు లోకానికి వదిలారు. టెక్కలి మేష్టారి యంత్రం జలంత్రకోటలో నడుస్తోంది. నా స్నేహితురాలు దానికి పసుపు కుంకుమ పెట్టి, కెమెరా అద్దానికి కూడా బొట్టు పెట్టేసింది. రోజంతా యంత్రం పప్పులన్నీ ఎర్రగా ఉన్నాయని తోసేసిందట.

ఫోటోలు వదిలేటప్పుడు మొదటి పుటలో ఒక మాట రాయాలని నేను పట్టుబట్టాను. నేను చెబుతుంటే ఆ పిల్ల రాసింది. ఇందులో కొన్ని మంచి పప్పులు ముక్కల్లో ఉంటాయి, అవి మా షెడ్డు బాలింతల కోసం, వాటికి గుర్తు పెట్టాం, మీ పనికి ముందు వాటిని పక్కన పెట్టుకోండి. తెలుగులో, ఇంగ్లీషులో, రెండింట్లోనూ ఉంది.

మొన్న ఆ పిల్ల ఫోను చేసింది. ఇప్పుడు వేరే చోట పెద్ద ఉద్యోగంలో ఉంది. సముద్రం అవతల ఏదో దేశంలో, నాకు నోరు తిరగని ఊళ్ళో, ఒక చిన్న జీడి ఫ్యాక్టరీ వాళ్ళు మన ఫోటోలు తీసుకుని సొంతంగా యంత్రం చేసుకున్నారట. ముక్కల డబ్బాలు నిండిపోతున్నాయి, కింద అంతా గుండు పప్పే, లైటు మార్చాం, బెల్టు మార్చాం, ఏం చేయాలి అని ఉత్తరం రాశారట.

మొదటి పుట చదవలేదా అన్నాను.

“చదివినట్టు లేరు పెద్దమ్మా. తిన్నగా ఆఖరి పుటకి వెళ్ళి, ఒప్పుకున్నామని నొక్కేసినట్టున్నారు.”

నవ్వాగలేదు నాకు. సముద్రం అవతల కూడా నా చుట్టాలు ఉన్నారన్నమాట. ఏం జవాబు రాయమంటారు అని అడిగింది.

“ముందు మొదటి పుట సదవమను,” అన్నాను. “ఆనక ఆ డబ్బాలు తిరగబోయకుండా, వాళ్ళ షెడ్డులో ఎవలైనా పురుడు పోసుకున్నారేమో కనుక్కోమను.”